నామినీ వారసుడు కాడు

ఇంటిపెద్ద ఉద్యోగంలో ఉండగానే కన్నుమూస్తే కొన్ని నెలలకు ఆఫీసు నుండి పెద్ద మొత్తం చేతికి వస్తుంది. ఆ మొత్తం ఎంతో గుమాస్తా లెక్కగట్టి చెబుతాడు. దానిలో ఎవరి హక్కు ఎంతో చెప్పే లెక్క వేరే ఉంది. మనలో చాలా కుటుంబాలు మొదటి లెక్క దగ్గరే ఆగిపోతున్నాయి.

మొదటి లెక్క కష్టమైనదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి పదకొండేళ్ళు దాటి ఇరవై ఏళ్ళ లోపు సర్వీసులో మరణిస్తే, మూలవేతనం, డి.ఎ. కలిపిన నెల మొత్తానికి 20 రెట్లు డెత్ గ్రాట్యుటీ లభిస్తుంది. అంటే నెలకు 40,000 అయితే 8 లక్షలు. ఫ్యాక్టరీ, కంపెనీ కార్మికులకైతే చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో హెచ్చిస్తారు. 26,000 వేతనం, 18 ఏళ్ళ సర్వీసు ఉంటే 2,70,000. ఐదేళ్ళు నిండాలన్న షరతు మరణం విషయంలో వర్తించదు.

ఇక రెండో లెక్క. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన ఆస్తినంతా సోదరుడు తీసేసుకున్నాడు. ఆయన భార్య తన ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి మొరపెట్టుకుంది. వారసత్వ ఆయతు అవతరించింది. ప్రవక్త (సఅసం) ఆ సోదరుణ్ణి పిలిపించి, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో అని ఆదేశించారు. ఆస్తి ఎవరి చేతిలో ఉందన్నది అక్కడ ప్రశ్నే కాలేదు!

నామినీ సంగతీ ఇంతే. అతను సొమ్ము అందుకునే చెయ్యి మాత్రమే. దేశ న్యాయస్థానం కూడా ఇదే మాట చెప్పింది. పెళ్ళికి ముందు తల్లిని నామినీగా రాసి మరణించిన ఒక ఉద్యోగి కేసులో, నామినేషన్ ఉన్నంత మాత్రాన భార్య వాటా పోదని 2009లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

మృతుని జీతంలోంచి జమ అయిన ప్రావిడెంట్ ఫండ్ నిస్సందేహంగా తర్కాయే. భార్యకు నెలనెలా వచ్చే ఫ్యామిలీ పెన్షన్ అలాంటిది కాదు. అది ఎవరి పేర మంజూరైతే వారిదేనని ఉలమా చెబుతారు. గ్రాట్యుటీ విషయంలో అభిప్రాయభేదం ఉంది. మృతుని సర్వీసుతో, వేతనంతో లెక్కగట్టే సొమ్ము కనుక దాన్ని కూడా తర్కాలో కలపడమే జాగ్రత్త అని మేము భావిస్తున్నాము. సందేహముంటే ముఫ్తీగారికి ఆర్డరు కాగితం చూపించి అడగండి. నోటిమాటగా అడిగితే జవాబు కూడా అలాగే ఉంటుంది.

అంత్యక్రియల ఖర్చు, అప్పులు (చెల్లించని మహర్ కూడా అప్పే, దీన్ని చాలామంది మరిచిపోతారు), మూడో వంతుకు మించని వసీయత్ తీసివేశాక 9,60,000 మిగిలిందనుకుందాం. తల్లి, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. తల్లికి ఆరో వంతు 1,60,000. భార్యకు ఎనిమిదో వంతు 1,20,000. మిగిలిన 6,80,000లో కొడుక్కి 3,40,000, ఒక్కో కూతురికి 1,70,000.

ఇక్కడే ఇళ్ళలో గొడవ మొదలవుతుంది. “నామినీని నేను, పిల్లల్ని పెంచాల్సింది నేను, అత్తగారికి ఎందుకు?” అని కోడలు. “కొడుకు సంపాదన మాది” అని అత్తింటివారు. కోడలి భయం అర్థం చేసుకోదగినదే. కాని ఆమె పిల్లలకు వచ్చిన 6,80,000 వారిదే. దాన్ని వారి తిండికి, చదువుకు న్యాయంగా ఖర్చు చేయవచ్చు. మరిది వ్యాపారానికి అప్పుగా ఇచ్చే అధికారం మాత్రం ఆమెకు లేదు. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారని దివ్య ఖుర్‌ఆన్ (4:10) హెచ్చరించింది. “పాప తన వాటా వదులుకుంది” అనే మాట కూడా చెల్లదు. మైనరు మాఫీకి షరీఅత్‌లో విలువ లేదు.

పంపకం జరగకముందే ఆ తల్లి కూడా చనిపోతే ఆమె 1,60,000 మాయమైపోదు, ఆమె వారసులకు చెందుతుంది. నామినీ సొమ్మంతా ఇప్పటికే ఖర్చు పెట్టేసి ఉంటే, ఇతరుల వాటాల మేరకు అతను వారికి బాకీదారుడే.