వెండితెర వేల్పులు – ఓటరు వివేకము

మెచ్చుట వేరు, మ్రొక్కుట వేరు. మెచ్చువాడు కన్నులు తెరచి చూచును; గుణమున్నచోట గుణమనును, దోషమున్నచోట దోషమనును. మ్రొక్కువాడు కన్నులు మూసికొనును. దేవుని యెదుట కన్నులు మూయుట తప్పు కాదు, ఏలయన అచ్చట పరీక్షింపవలసిన దేమియు లేదు. కాని తనవలెనే ఆకలిదప్పులు గలిగి, తనవలెనే పొరపాట్లు చేయు మరియొక మనుష్యుని యెదుట కన్నులు మూసినచో నేమగును? తెలుగువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సినిమా తెర నుండి శాసనసభ దాక సాగిన త్రోవలో అది అడుగడుగున ఎదురగుచునే యున్నది.

తెరమీది బొమ్మకు ఇంత మహిమ యెక్కడినుండి వచ్చినది? చదువుకొన్నవారు దీనిని అజ్ఞానమని ఒక్కమాటతో త్రోసివేయుదురు. అది తేలికయైన సమాధానము. పల్లెటూరి టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు అను భేదములుండెడివి. అవి డబ్బు తెచ్చిన భేదములే గాని పుట్టుక తెచ్చినవి కావు. ఏ కూలివానిని గుడి గడప తొక్కనీయలేదో, ఏ కూలివానిని రచ్చబండమీద కూర్చుండనీయలేదో, వాడు అణాలు చెల్లించి ఊరివారందరితోపాటు ఒకే కప్పు క్రింద కూర్చుండి ఒకే కృష్ణుని చూచెను. 1957లో ‘మాయాబజార్’ చిత్రమున కృష్ణుడుగాను, 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము’న శ్రీనివాసుడుగాను నందమూరి తారక రామారావు కనిపించినపుడు ఆ ప్రేక్షకుడు నటుని మాత్రమే చూడలేదు, తన్ను వెలివేయని దేవుని చూచెను. తిరుమల యాత్ర ముగించుకొని, మదరాసులో ఆయన యింటి ముంగిట దర్శనమునకై బస్సులు దిగిన యాత్రికుల సంగతి ఆ కాలమువా రెరుగుదురు. ఆకలిగొన్నవానికి పట్టెడన్నము పెట్టనివారు, వాడు ఏమి తినుచున్నాడో చూచి యాక్షేపించుట న్యాయము కాదు.

రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశము పక్షమును స్థాపించెను. తొమ్మిది నెలలు గడచునప్పటికి, 1983 జనవరి యెన్నికలలో, 294 స్థానములలో 201 ఆ పక్షమునకు దక్కెను. ఇది కేవలము సినిమా మహిమ యని వ్రాసినవారు పెక్కురు. అది సగము సత్యము. 1978 మొదలు అయిదేండ్లలో కాంగ్రెసు అధిష్ఠానము రాష్ట్రమునకు నలుగురు ముఖ్యమంత్రులను మార్చినది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానము ప్రజల మనసులలో ముల్లువలె నాటుకొన్నది. ఈ కోపము లేనిదే ఆ కిరీటము ఓట్లు తెచ్చియుండెడిదా యనునది ఆలోచింపవలసిన మాట.

ఆరాధనయే ఓటైనచో ఆ ఓటు ఎన్నడును మారరాదు గదా! 1989లో ఆ రామారావే కల్వకుర్తిలో ఓడిపోయెను. హిందూపురము మాత్రము ఆయనను నిలిపినది. 1994లో ప్రజలు ఆయనకు మరల అధికారమిచ్చిరి. చిరంజీవి 2008లో స్థాపించిన ప్రజారాజ్యమునకు 2009లో 18 స్థానములే వచ్చినవి. తిరుపతిలో గెలిచిన ఆయన, తన స్వంత జిల్లాలోని పాలకొల్లులో ఓడెను. పవన్ కల్యాణ్ 2019లో గాజువాక, భీమవరము రెండింటను ఓడెను. 2024లో ఆయన పక్షము పోటీచేసిన 21 శాసనసభ స్థానములను గెలిచినది. తమిళదేశమున శివాజీ గణేశన్ వంటి మహానటుడు 1989లో తిరువైయారులో ఓడిపోయెను. కావున అభిమాని వేరు, ఓటరు వేరు. ఒకే శరీరమున ఇద్దరును కాపురముండవచ్చును. ప్రజలు వెర్రివారని తలచువారు ఈ లెక్కలు ఒకమారు చూడవలెను.

అట్లయిన కీడు ఎచ్చట నున్నది? ఎన్నికనాడు కాదు, ఎన్నికకు ఎన్నికకు నడుమ. ఒక్కని కాంతిమీద పుట్టిన పక్షమునకు వెన్నెముక పెరుగదు. నిర్ణయమెల్ల ఒకే నోటినుండి వెలువడును. పొరపాటును పొరపాటని చెప్పువాడు ద్రోహి యగును. ఆరాధన మ్రొక్కువానికన్న ముందుగా మ్రొక్కులందుకొనువానినే చెరచును. ఆయన చుట్టును మెచ్చుకోలు గోడలు లేచి, బయటి గాలి లోనికి రాదు. 1995 ఆగష్టులో ఏమి జరిగినది? ఆయనను వేల్పుగా కొనియాడిన పక్షమునందలి శాసనసభ్యులలో అధికసంఖ్యాకులు కొలది దినములలో ఆయనను విడిచిరి. 1996 జనవరి 18న ఆయన కన్నుమూసెను. ఆ కలహమున న్యాయమెవరిదన్న వాదము ఇచ్చట ననవసరము. కొలుపు ఎంత తొందరగా కొలిమి యగునో చూచిన చాలును. తమిళదేశమును గూర్చి ఎం.ఎస్.ఎస్. పాండ్యన్ 1992లో వెలువరించిన గ్రంథమున మరియొక సంగతి కలదు: తెరమీద పేదల పక్షమున పోరాడిన ఎం.జి.ఆర్. బొమ్మ, ఆయన పాలనలోని కొరతలకు మరుగై నిలిచిన తీరును ఆ పండితుడు చూపినాడు. బొమ్మను ప్రేమించినవాడు పాలకుని లెక్క అడుగలేడు.

దీనిని ముందుగనే కనిపెట్టినవాడు అంబేద్కరు. 1949 నవంబరు 25న రాజ్యాంగ పరిషత్తులో ఆయన చేసిన హెచ్చరిక ప్రసిద్ధము: మతమునందు భక్తి ఆత్మకు ముక్తిమార్గము కావచ్చును గాని, రాజకీయములందు భక్తి పతనమునకు, తుదకు నియంతృత్వమునకు దారితీయునని ఆయన భావము. వీరుల నారాధించుట ఇతర దేశములకన్న ఈ దేశపు రాజకీయములలో మిక్కుటమని కూడ ఆయన తలచెను. అప్పటికి దేశమున ఒక్క సినిమా నటుడును ముఖ్యమంత్రి కాలేదు.

ఇక ప్రాణనష్టము. 2024 డిసెంబరు 4వ తేది రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు వద్ద ‘పుష్ప-2’ ముందస్తు ప్రదర్శన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయినది. ఆమె కొడుకు చావుబ్రతుకుల నడుమ ఆసుపత్రి పాలైనాడు. 2025 జూన్ 4న బెంగుళూరులో క్రికెట్ విజయోత్సవమున 11 మంది, సెప్టెంబరు 27న కరూరులో నటుడు విజయ్ రాజకీయ సభలో 41 మంది మరణించిరి. ఇందులో ఏ ఒక్కచోటను జనులు ద్వేషముతో రాలేదు, ప్రేమతోనే వచ్చిరి. ఏర్పాట్ల లోపమెవరిదో విచారణలు తేల్చవలసినదే. కాని ఇట్టి వేళల కొందరి అభిమానుల నోట మొదట వచ్చు ప్రశ్న, చనిపోయినవా రెవరని కాక, తమ హీరోకు చెడ్డపేరు వచ్చునేమో యని! మనిషి మరణముకన్న పేరు మచ్చ పెద్దదైనచో, ఆ ప్రేమకు ఏ పేరు పెట్టవలెను?

కల్యాణమున బిజ్జలుని కొలువులో అధికారమున నున్న బసవేశ్వరుడు పొగడ్తను భయపడెను. తనవారు తన్ను మితిమీరి పొగడుట బంగారు శూలమున కెక్కించుటయే యని ఒక వచనమున వాపోయెను. అనుభవ మంటపమున శూన్యసింహాసనమున కూర్చున్నది అల్లమప్రభువే గాని బసవేశ్వరుడు కాదని సంప్రదాయము. అట్టివానికే గుళ్లు గట్టి, ఆయన మాటకన్న ఆయన బొమ్మకే పూలదండలు ఎక్కువగా వేసిన లోకమిది. కావున సినిమావారి అభిమానులను చూచి నవ్వుటకు ముందు భక్తులమనుకొనువారు కొంచెము ఆగవలెను.

అభిమానమున మంచి లేదనుటకును వీలులేదు. 1998లో చిరంజీవి నెలకొల్పిన రక్తనిధికి ఎందరో యువకులు వరుసలు గట్టి రక్తమిచ్చిరి. తన రక్తము ఏ కులమువాని నరములలో ప్రవహించునో ఇచ్చినవాడు అడుగలేదు. ఒక నటుని మాట కోసమే ఆ పని చేసినను, పని మంచిదే. అయితే అదే అభిమానము పండుగ విడుదలల వేళ హీరోలకు కులములు వెదకి పంచుకొనుచున్నది; ఒకరి ఫ్లెక్సీ చించినారని మరియొకరు కర్రలెత్తుచున్నారు. ఏ హీరో ఏ కులమువాడో తడుముకొనక చెప్పగల పదవ తరగతి పిల్లలు నేడు కలరు. తమ గ్రామసభ చివరిసారి ఎన్నడు జరిగినదో వారిని అడిగినచో, వారి తండ్రులవైపు చూచెదరు, తండ్రులకును తెలియదు.