ముఖంపై ముడతలు: రోగమా, వయసా?

మహబూబ్‌నగర్ పట్టణం నుండి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసివేసి విషయం మీ ముందుంచుతున్నాను.

ఆమె పుట్టిల్లు నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఒక పల్లె. చిన్ననాడు తాగిన బోరింగు నీళ్ళకు పళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. నికాహ్ తర్వాత మహబూబ్‌నగర్ వచ్చి, భర్తతో కలిసి ఇరవై ఏళ్ళు ఎండలో నిలబడి బండి మీద పండ్లు అమ్మారు. దవడ పళ్ళు నాలుగు పీకించుకున్నారు. ఇప్పుడు కొడుకు సౌదీలో ఉన్నాడు, కష్టం తీరింది. వయసు నలభై నాలుగు. మొన్న ఒక వలీమాలో కొత్తగా పరిచయమైనావిడ ఈమె భర్తను చూపించి “మీ తమ్ముడా?” అని అడిగిందట. భర్త నవ్వి ఊరుకున్నాడట. ఆ నవ్వు ఆమెను నిద్రపోనివ్వలేదు. హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్ళు ఫేస్‌లిఫ్ట్ చేస్తే పదేళ్ళు తగ్గుతాయన్నారు. మహర్ బంగారం అమ్మి చేయించుకుందామని ఆలోచన. “మౌలానా సాబ్, నేను నా వయసు దాచుకోవడం లేదు. నా వయసుకు తగిన ముఖం నాకు కావాలంటున్నాను. ఇది గునాహ్ అవుతుందా?” అని అడిగారు.

హరామ్ అని ఒక్క మాట రాసి పంపడం తేలిక. మదరసాలో చదువుకున్న ఏ విద్యార్థికైనా దానికి ఆధారం నోటికి వస్తుంది. షైతాన్ మానవులను దారి తప్పించి, అల్లాహ్ సృష్టిని మార్పించేలా చేస్తానని శపథం పట్టిన విషయం దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో ఉంది (4:119). కాని ఆమె రాసిన చివరి మాట దగ్గర నా కలం ఆగింది. వయసు దాచుకోవడం వేరు, పోగొట్టుకున్నది తిరిగి కావాలనడం వేరు కదా!

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు ఒకటుంది. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీల మీద, అల్లాహ్ సృష్టిని మార్చేవారి మీద అందులో శాపం వచ్చింది. పళ్ళ సందులకు ఇంత పట్టింపు దేనికని చాలామంది అనుకుంటారు. దీనికి ఇమాం నవవీ (రహ్మ) ఇచ్చిన వివరణ చదివితే, ఫేస్‌లిఫ్ట్ ఇప్పటి సంగతి కాదని తెలుస్తుంది. పళ్ళ మధ్య సన్నని సందులు పడుచు పిల్లలకు ఉంటాయి. వయసు మళ్ళిన స్త్రీలు పళ్ళు అరగదీయించుకుని, పడుచువారిలా కనిపించాలని చూసేవారు. హదీసులో ‘అందం కోసం’ అన్న మాట ఉన్నందువల్ల, వైద్యం కోసమో పంటిలోని లోపం పోగొట్టుకోవడానికో చేయించుకుంటే తప్పు లేదని కూడా ఆయనే రాశారు. హజ్రత్ అర్ఫజా (రజి)కి జాహిలియ్యా కాలంలో కులాబ్ యుద్ధంలో ముక్కు తెగింది. వెండి ముక్కు పెట్టుకుంటే దుర్వాసన వచ్చింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టుకోమన్నారు. పురుషులకు నిషిద్ధమైన బంగారం! తెగిన ముక్కును బాగుచేసుకోవడం సృష్టిని మార్చడం కాలేదు.

2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ సమావేశమై ప్లాస్టిక్ సర్జరీ మీద తీర్మానం చేసింది. పుట్టుకతో వచ్చిన లోపాలకు, ప్రమాదాల్లో, కాలిన గాయాల్లో చెడిన అవయవాలకు అనుమతి ఉంది. ముడతలను మాత్రం శస్త్రచికిత్సతో గాని ఇంజెక్షన్లతో గాని తొలగించకూడదు. అయితే ఆ ముడతలు ఒక రోగస్థితి అయితే, హాని లేదని నమ్మకముంటే, అది వేరు. మన సోదరి ప్రశ్న సరిగ్గా ఈ మినహాయింపు గడప మీద నిలబడి ఉంది. ఆమె ముడతలు రోగమా? దానికి జవాబు ఫిఖహ్ గ్రంథాల్లో వెతికితే దొరకదు. ముఖం ఎందుకు ముసలిదవుతుందో, ఆ ఆపరేషన్ అందులో దేన్ని బాగుచేస్తుందో ముందు తెలియాలి. అందుకే ప్లాస్టిక్ సర్జరీ చేసే ఒక డాక్టర్ గారి దగ్గర ఒక సాయంత్రం కూర్చున్నాను.

ఆయన చెప్పిన దాన్నిబట్టి ముఖం ముసలిదవడానికి కారణం ఒకటి కాదు. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ ఏటేటా తగ్గుతుంది. చెంపల్లో దిండ్లలాంటి కొవ్వు అరలుంటాయి, వాటిలో కొన్ని కరుగుతాయి, కొన్ని జారుతాయి. లోపలి ఎముక కూడా మారుతుంది. కంటి గుంట వెడల్పవుతుంది, దవడ ఎముక తగ్గుతుంది. గుంజ కుంగితే గుడిసె కప్పు జారినట్టు పైన ఉన్నదంతా జారుతుంది. పళ్ళు పోయినచోట దవడ ఎముక మరీ త్వరగా అరిగిపోయి బుగ్గ లోపలికి పోతుంది. వీటన్నిటి మీద ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు చర్మం లోపలి పొరలోకి దిగి ఆ కొల్లాజెన్‌ను తెంపుతాయి. అమెరికాలో 28 ఏళ్ళు లారీ నడిపిన 69 ఏళ్ళ డ్రైవర్ ఫోటో 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప అంతా ముడతలు, కుడి చెంప నున్నగా ఉంది. మనిషి ఒక్కడే, వయసూ ఒక్కటే!

ఆ ఫోటో చూసినప్పుడు నాకు మన పాలమూరు కూలీలు గుర్తుకొచ్చారు. చెరువులు, కాలువలు, రోడ్లు, బొంబాయి మేడలు కట్టడానికి తరతరాలుగా వలస పోయినవారు. వారికి రెండు చెంపలూ ఎండ వైపే.

ఇక ఆపరేషన్ సంగతి. 1900 ప్రాంతాల్లో ఐరోపాలో మొదలుపెట్టినప్పుడు చెవి ముందు చర్మం కోసి, లాగి కుట్టేవారు. కొద్దికాలానికే మళ్ళీ జారేది. 1974లో స్వీడన్ డాక్టర్ స్కూగ్ చర్మంతో పాటు దాని కింది పొరను కూడా ఎత్తే పద్ధతి రాశారు. 1976లో పారిస్‌లో మిట్జ్, పెరోని అనే ఇద్దరు ఆ పొరను వివరించారు. డాక్టర్లు దాన్ని ‘స్మాస్’ అంటారు. 1990లో హమ్రా అనే అమెరికా డాక్టర్ ఇంకా లోతుకు వెళ్ళారు. ఈనాడు చెవి ముందు, వెనక గాటు పెట్టి, ఆ లోపలి పొరను పైకి లాగి బిగించి, మిగిలిన చర్మం కత్తిరిస్తారు. కరిగిన చోట పొట్ట నుండి తీసిన కొవ్వు ఎక్కించడం కూడా ఉంది. పాత పద్ధతి కంటే ఇది కారణానికి దగ్గరగా వెళ్ళిందని ఒప్పుకోవాలి. కాని జారినదాన్ని మాత్రమే ఎత్తుతుంది. తెగిన కొల్లాజెన్‌ను అతకదు, ఎండ మచ్చలను తుడవదు, అరిగిన దవడను పెంచదు. ముఖం ఆ మర్నాటి నుండి మళ్ళీ ముసలిదవడం మొదలుపెడుతుంది. చర్మం కింద రక్తం గూడుకట్టడం తరచుగా వచ్చే ఇబ్బంది. ముఖాన్ని కదిలించే నరం ఆ పొర కిందే పోతుంది గనుక, అరుదుగానైనా దానికి దెబ్బ తగిలితే మూతి వంకరపోవచ్చు. పొగతాగే అలవాటున్నవారికి చర్మం చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు సోదరి ముఖాన్ని ఈ లెక్కలో పెట్టి చూద్దాం. పళ్ళ రంగు నీటి వల్ల వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ఆ నీరు తాగకూడదు. చిన్న వయసులో పంటి పింగాణీ తయారయ్యేటప్పుడు పడిన మచ్చ తర్వాత ఏ నీరు తాగినా పోదు. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమై నదీజలం వచ్చాక కొత్త తరం పళ్ళు బాగుపడవచ్చు. ఆమె పళ్ళు మాత్రం అలాగే ఉంటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970వ దశకంలో ‘నల్గొండ పద్ధతి’ అని పేరు పెట్టింది. జిల్లా పేరు దేశదేశాలకు ఇలా తెలియడం ఎంత విచారకరం! ఇది నిస్సందేహంగా రోగం. పళ్ళకు తొడుగులు వేయించుకోవడం, పోయినచోట కట్టుడు పళ్ళు పెట్టించుకోవడం అర్ఫజా (రజి) గారి ముక్కు వంటిది. పైగా బుగ్గలు లోపలికి పోయింది కొంతవరకు ఆ నాలుగు పళ్ళు లేకనే. క్లినిక్‌లో ఆమె నోరు తెరిపించి చూసినవారే లేరట!

ఎండ వల్ల చెడిన చర్మం కూడా నా దృష్టిలో వట్టి వయసు కాదు, దెబ్బే. చర్మవ్యాధుల డాక్టరు ఇచ్చే పూతమందులు, ఎండ సోకకుండా జాగ్రత్త, వీటికి అభ్యంతరం లేదు. విచిత్రమేమంటే, ఆమెకు న్యాయంగా తిరిగి రావలసినవి ఇవే, ఫేస్‌లిఫ్ట్ ఇవ్వలేనివీ ఇవే. అది ఎత్తేది నలభై నాలుగేళ్ళ కాలం జార్చినదాన్ని. దాన్ని రోగమనడానికి నాకు ఆధారం దొరకలేదు. అల్లాహ్ ప్రతి రోగానికీ మందు సృష్టించాడని, ముసలితనానికి తప్ప అని దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసు అబూదావూద్‌లో ఉంది. కనుక ఈ ఆపరేషన్ వద్దని రాశాను. నా అవగాహనలో లోపముంటే అల్లాహ్ క్షమించుగాక!

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు జులేఖా కథ చెబుతారు. ముసలిదై చూపు పోయిన జులేఖాకు యూసుఫ్ (అ) దుఆతో యవ్వనం తిరిగి వచ్చిందని. వినడానికి బాగుంటుంది గాని అది ఖుర్ఆన్‌లో లేదు, సహీహ్ హదీసుల్లో లేదు. ఖుర్ఆన్‌లో ఉన్నది హజ్రత్ సారా. బిడ్డ పుడతాడన్న శుభవార్త విని, ఈ ముసలి గొడ్రాలికా అని ఆమె ముఖం కొట్టుకున్నారు (51:29). ఆ ముఖాన్ని పడుచుగా మార్చినట్టు అక్కడ లేదు. ఆ ముఖంతోనే ఆమె ఇస్‌హాఖ్ (అ) తల్లి అయ్యారు.

ఉత్తరం మరోసారి చదివాను. ఆమెను నొప్పించింది ఆ కొత్తావిడ మాట కాదు. భర్త “కాదు, నా భార్య” అని రెండు ముక్కలు అనకుండా నవ్వి ఊరుకోవడం. ఆ ఎండలో ఆయన కూడా నిలబడ్డాడు. కాని మగవాడి ముఖం మీది ముడతను లోకం కష్టం అంటుంది, ఆడదాని ముఖం మీదిదాన్ని లోపం అంటుంది. దీనికి ఏ సర్జన్ దగ్గరా కత్తి లేదు. సోదరికి రాసిన జవాబుతో పాటు ఆయన పేరున వేరే ఉత్తరం పెట్టాను. అందులో ఫత్వా ఏమీ లేదు. బండి కొన్న తొలి ఏడాది మధ్యాహ్నం వేళ నీడలో ఎవరు కూర్చునేవారో, ఎండలో ఎవరు నిలబడేవారో గుర్తుచేసుకోమని మాత్రమే అడిగాను.

మహర్ బంగారం ఆమె సొంతం, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అమ్మదలచుకుంటే ముందు పళ్ళ డాక్టరుకు వెచ్చించమని చెప్పాను.