కారణము దొరకని నొప్పి

(వాక్యభాగము: యోబు 2:11–13, 42:7–9)



హుబ్బళ్లి రైల్వే కాలనీలో నివసించు మన సహోదరి ఒకామె కొన్ని ఏండ్ల క్రితము ఛాతీలో నొప్పి అనగా, ఆసుపత్రికి తోడుగా వెళ్లితిమి. ట్రెడ్‌మిల్ పరీక్ష చేసిరి. రిపోర్టు ఇంగ్లీషులో, డాక్టరుగారి మాట కన్నడములో, ఆమె బాధ తెలుగులో. చివరకు ఆమె చెవిని పడినది ఒక్కటే మాట: నెగెటివ్. గుండె పాడైనదనుకొని ఏడ్చినది. (పాజిటివ్ అని చూచి స్తోత్రము చెల్లించినవారిని కూడ మేమెరుగుదుము.) నెగెటివ్ అనగా గుండెకు రక్తము చాలని గుర్తులు ఆ పరీక్షలో కనబడలేదని, పాజిటివ్ అనగా కనబడినవి గనుక ఇంకను వెదకవలెనని. అంతేగాని ఒకటి విడుదలయు మరియొకటి మరణశాసనమును కావు.

ఛాతీకి తీగలు అతికించి, కదలెడి పట్టీమీద నడిపింతురు. సాధారణముగా మూడు నిమిషములకొకసారి వేగమును ఏటవాలును పెంచుదురు. 220 లోనుండి వయస్సు తీసివేసి, మిగిలినదానిలో నూటికి 85 వంతులవరకు గుండె వేగము రావలెనని చూతురు. ఏబది ఏండ్లవారికి నిమిషమునకు సుమారు 145. కాళ్లు లాగి ముందే దిగిపోయినచో, నెగెటివ్ అని వచ్చినను దానిమీద పూర్తిగా ఆనుకొనలేము. పెద్ద నాళము బాగుగా ఇరుకైనప్పుడే ఈ పరీక్ష పట్టుకొనును. అట్టి ఇరుకున్నవారిలో సైతము ముగ్గురిలో ఒకరిని దాటిపోవచ్చును. జబ్బు లేకయే పాజిటివ్ వచ్చుటయు కలదు, ముఖ్యముగా స్త్రీలలో.

సహోదరికి నొప్పి తగ్గలేదు. ఇక్కడ మా తప్పు ఒప్పుకొనవలెను. మొదట ప్రార్థించితిమి. పిమ్మట, "అమ్మా, రిపోర్టు బాగున్నది గదా, మనస్సులో ఏదైన దాచితివా?" అని అడిగితిమి. ఆమె మారు పలుకలేదు. మూడు ఆదివారములు గుడికి రాలేదు.

యోబు స్నేహితులను మనము తేలికగా నిందింతుము గాని, ఏడు దినములు నేలమీద అతనితోకూడ మౌనముగా కూర్చున్నది వారే. అంతవరకు మాకంటె వారే మేలు. కారణము కనబడకపోవుట వారు ఓర్చుకొనలేకపోయిరి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురును ఒక కారణము కల్పించి, దానిని యోబు పాపమనిరి. దేవుని కోపము వారిమీద రగులుకొన్నది. యోబు ప్రార్థన వారికి అవసరమాయెను. మేమును ఆ సహోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగి, మాకొరకు ప్రార్థించుమంటిమి. ఆమె నవ్వి, ముందు టీ త్రాగుడనినది.

తరువాత వేరొక డాక్టరుగారు ఆంజియోగ్రామ్ తీసిరి. పెద్ద నాళములు శుభ్రముగా ఉన్నవి. లోపము కంటికి ఆనని సన్నని నాళములలోనిదని చెప్పి మందులిచ్చిరి. అందరికి ఇదే అని తలంచవద్దు. కడుపులోని పులుపు పైకెగదన్నుట, ప్రక్కటెముకల అతుకుల వాపు, ఆందోళన – ఇవన్నియు ఛాతీలోనే నొప్పించును. ఆందోళనవలన కలిగిన నొప్పి కూడ నొప్పియే, అబద్ధము కాదు.

మరియొక మాట. నిరుటి నెగెటివ్ రిపోర్టు నేటి నొప్పికి జవాబు కాదు. చిన్న ఇరుకు కూడ ఒక్కసారిగా పగిలి, రక్తము గడ్డకట్టి గుండెపోటు తేగలదు. ఛాతీ పట్టివేసినట్లుండి, చెమటలు పోసి, చేతికో దవడకో నొప్పి ప్రాకినచో, లేక ఆయాసము వచ్చినచో, గ్యాసని సోడా త్రాగి కూర్చుండక, పాస్టరుగారి కొరకు ఎదురుచూడక, 108 కి ఫోను చేయుడి. మేము ఆసుపత్రికే వచ్చి ప్రార్థింతుము.

ఆ సహోదరి ఇప్పుడు మాత్రలు వేసికొనుచు, గుడి మెట్లు నిలిచి నిలిచి ఎక్కుచున్నది. ఆమె వచ్చి కూర్చుండువరకు మొదటి కీర్తన మొదలుపెట్టుట లేదు.