ఉద్యోగార్హత ఎవరి గుణం?

పట్టా పుచ్చుకొని విశ్వవిద్యాలయం దాటిన విద్యార్థికి కొలువు దొరకకపోతే, అతనిలో ఉద్యోగార్హత, అంటే పనిలో పెట్టుకోదగిన సామర్థ్యం, కొరవడిందని తేల్చేయడం పరిపాటి అయింది. ఆ అర్హత ఒక్క మనిషిలోనే ఉండే గుణమన్న నమ్మకం ఈ తీర్పుకు పునాది. ఆ పునాదినే ముందుగా పరీక్షించాలి.

తర్కశాస్త్రానికి ప్రవేశగ్రంథమైన అన్నంభట్టు తర్కసంగ్రహం లెక్కించిన 24 గుణాలలో రూపం, అంటే రంగు, ఒకే ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉండగా, సంయోగం, అంటే విడిగా ఉన్నవి కలియడం, రెండింటిని ఆశ్రయిస్తుంది గనుక ఏ ఒక్కటి తొలగినా నిలవదు. ఉద్యోగార్హత ఈ రెండో కోవలోనిది: దానికి చదువుకున్న మనిషి మొదటి ఆశ్రయం, పని ఇచ్చే సంస్థ రెండోది. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత, ప్రాంగణ నియామకాల్లో ఎంపికై ఆఫర్ లెటర్లు అందుకున్న ఎందరో ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఉద్యోగంలో చేరవలసిన తేదీలు వాయిదా పడ్డాయి. వారి చదువు చదువుగానే ఉండగా, విదేశీ క్లయింట్ల నుంచి రావలసిన పని తగ్గిపోయింది. హైదరాబాదు అమీర్‌పేటలో, మైత్రీవనం పరిసరాల్లో, నాలుగేళ్ల బీటెక్ ముగించినవారు మళ్లీ ఫీజు కట్టి, హాస్టల్లో ఉంటూ జావానో టెస్టింగో నేర్చుకుంటారు. ఆ కోర్సు పూర్తయ్యేసరికి గిరాకీ మరోదానికి మళ్లిపోవచ్చు. రెండో ఆశ్రయం ఇలా కదులుతూ ఉంటే మొదటిదాన్ని మాత్రమే నిందించడం తర్కానికి నిలవదు, పైగా పిల్లల మనసుల్లో అకారణమైన అపరాధభావాన్ని నాటుతుంది. సీనియర్ల ల్యాబ్ రికార్డులు చూసి రాసి, బట్టీ పట్టి గట్టెక్కినవారి లోపం మాత్రం వారిదే.

ఇక ఉద్యోగార్హత ఊసే వద్దని, విద్యకు జ్ఞానమే ప్రయోజనమని, జీతం కోసం చదవడం హీనమని అనేవారికి తైత్తిరీయోపనిషత్తు అండగా నిలవదు. అధ్యయనం ముగించిన శిష్యునికి శిక్షావల్లిలో గురువు చేసే ఉపదేశం సత్యంతోను, స్వాధ్యాయంతోను, అంటే నేర్చినదాన్ని నిత్యం చదువుకోవడంతోను, ఆగిపోక, అభ్యుదయాన్ని కలిగించే పనుల్లోనూ ఏమరుపాటు కూడదంటుంది; భృగువల్లి అన్నాన్ని నిందించకపోవడాన్ని వ్రతంగా విధించింది. అంతకన్నా విలువైనది ఆ ఉపదేశం చివరి భాగం: ఏది చేయాలో సందేహం కలిగితే, ఆలోచనాపరులై, కాఠిన్యం లేనివారై, ధర్మాన్ని కోరే పెద్దలు అక్కడ ఎలా నడుచుకుంటారో అలాగే నడుచుకొమ్మంటుంది. శిష్యుడు అన్నిటికీ సిద్ధమై వెళుతున్నాడని ఆ గురువు అనుకోలేదు. పనిలో పుట్టే సందేహాలు పనిలోనే తీరాలని, అందుకు దగ్గరలో మంచి పెద్దలు ఉండాలని గుర్తించాడు. తొలిరోజు నుంచే పూర్తిగా పనికివచ్చే మనిషి కావాలంటూ శిక్షణ ఖర్చును తల్లిదండ్రులపైకి నెట్టే సంస్థల తీరు దీనితో పొసగదు. కొత్తగా చేరినవారికి నేర్పడానికి అనుభవజ్ఞులకు పనివేళల్లోనే సమయం కేటాయించడం, ఆ సంయోగంలో రెండో ఆశ్రయమైన సంస్థ తన వంతుగా మోయవలసిన బాధ్యత.