పందెం ముందా, నిర్ణయం ముందా?

వైకుంఠపాళిలో ఆటగాడికి ఉన్న పని ఒక్కటే: పందెం వేయడం. కాయ ఎక్కడ ఆగాలో గవ్వలే చెబుతాయి. నిచ్చెన మొదట్లో ఒక పుణ్యం పేరు, పాము నోటి దగ్గర ఒక పాపం పేరు రాసి ఉంటాయి. అయితే ఆ పుణ్యాన్ని ఎవరూ చేయరు, ఆ పాపాన్ని ఎవరూ తలపెట్టరు. పరమపదసోపాన పటం అన్న పేరుతో భక్తినీ నీతినీ నేర్పడానికి పుట్టిన ఆటలో, నీతికి మొట్టమొదట కావలసిన ఎంపికే లేదు. దీన్ని లోపం అనడం మాత్రం తొందరపాటు. వైకుంఠ ఏకాదశి జాగరణలో ఈ పటం ముందు కూర్చున్నవారికి ఆట చెప్పేది వేరు: ఎక్కడం, జారడం మనిషి చేతిలో లేవు, చివరి గడికి చేర్చేది అనుగ్రహమే. అంటే వైకుంఠపాళి ఒక సిద్ధాంతం. అందులో అంతా దైవమే.

అష్టాచెమ్మా అలా కాదు. నాలుగు గవ్వలూ ఒకే తీరున పడితే చెమ్మానో అష్టానో వస్తుంది, లేకపోతే ఒకటో రెండో మూడో పడుతుంది. అసలు ఆట ఆ తరవాతే మొదలవుతుంది. ఏ కాయను నడపాలి? ఎదుటివాడి కాయను చంపడమా, తన కాయను ఇంటూ గుర్తున్న గడిలోకి చేర్చుకోవడమా? పందెం దైవానిది, కాయ ఆటగాడిది. పక్కపక్కనే పెరిగిన ఈ రెండు ఆటలు దైవం గురించి, పురుషకారం అంటే మనిషి ప్రయత్నం గురించి రెండు వేర్వేరు మాటలు చెబుతున్నాయి.

ఆ రెంటిలో ఏది బలమైందన్న ప్రశ్న శాస్త్రాలకు కొత్త కాదు. ఒక్క చక్రంతో రథం నడవనట్టే పురుషకారం లేనిదే దైవం ఫలించదని యాజ్ఞవల్క్య స్మృతి అంటుంది. అనుశాసన పర్వంలో ధర్మరాజు ఇదే అడిగితే భీష్ముడు బ్రహ్మ, వసిష్ఠుల సంవాదం వినిపిస్తాడు. అక్కడి పోలిక పొలానిది: పురుషకారం క్షేత్రం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పంట. యోగవాసిష్ఠం ఇంకా ముందుకు పోయి, దైవమన్నది వేరే ఏమీ లేదని, నిన్నటి ప్రయత్నానికే అది పేరని అంటుంది. నిన్నటి యత్నం, నేటి యత్నం రెండు పొట్టేళ్లలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది.

ఈ చర్చకు ఇరవయ్యో శతాబ్దం చివర అనుకోని చోట ఒక ప్రయోగశాల ఏర్పడింది. ఇప్పుడు హాబీ బోర్డు గేములు అంటున్నవాటిలో పెద్ద భాగం జర్మనీలో రూపుదిద్దుకుంది. అక్కడి ఆటల విమర్శకులు ఏటా ఒక ఆటకు ఇచ్చే 'స్పీల్ డెస్ యారెస్', అంటే ఈ ఏటి ఆట, అన్న బహుమతి 1979లో మొదలైంది. తొలి బహుమతి డేవిడ్ పార్లెట్ అనే ఆంగ్లేయుడు రూపొందించిన 'కుందేలు, తాబేలు' ఆటకు దక్కింది. అదీ వైకుంఠపాళిలాగా పరుగు పందెమే, కానీ నడకకు పాచికలు వేయరు. ఆటగాడు ఎన్ని గడులు కావాలంటే అన్ని కదలవచ్చు, క్యారెట్లతో ధర కట్టాలి. ఒక గడికి 1, రెండు గడులకు 3, మూడింటికి 6, నాలుగింటికి 10. తొందరపడినకొద్దీ ధర పెరుగుతుంది. పందెం కూర్చున్న చోట వెల వచ్చి కూర్చుంది. అదృష్టం పూర్తిగా పోలేదు, కొన్ని గడుల్లో ఒదిగి ఉంది. అయినా ఓడినవాడు గవ్వలను తిట్టుకునే వీలు చాలావరకు పోయింది.

1995లో అదే బహుమతి అందుకున్న కటాన్ మరింత లోతైనది. డెంటల్ టెక్నీషియన్‌గా పనిచేసిన క్లౌస్ టోయ్‌బర్ దీని రూపకర్త. పంతొమ్మిది షడ్భుజాల దీవిలో ఎడారి తప్ప ప్రతి నేలమీదా ఒక అంకె ఉంటుంది. రెండు పాచికల మొత్తం ఆ అంకె అయితే ఆ నేల పండుతుంది, దాని అంచున ఊరున్నవాడికి గోధుమో కలపో ఇటుకో అందుతుంది. రెండు పాచికలు 36 రకాలుగా పడవచ్చు. అందులో 6 రావడానికి 5 దారులు, 8కి 5 దారులు. 2కి ఒక్కటే, 12కి ఒక్కటే. ఏ అంకె ఎంత తరచుగా రావచ్చో దాని కింద చుక్కలు పెట్టి చూపిస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా, 6 దారుల్లో, వచ్చే 7కు పొలమే లేదు. అది పడితే దొంగ కదులుతాడు, చేతిలో ఏడుకన్నా ఎక్కువ కార్డులున్నవాడు సగం వదులుకోవాలి.

భీష్ముడి పోలిక ఇక్కడ అక్షరాలా బల్లమీద కనిపిస్తుంది. క్షేత్రాన్ని ఎంచుకునేది ఆటగాడు, విత్తనం పడేది పాచికలతో. అయితే కటాన్‌లో ఇంకొక సంగతి ఉంది. ఊరు కట్టే నిర్ణయం పాచికలకు ముందే అయిపోతుంది, ఆ నిర్ణయాన్ని పందెం వచ్చి పరీక్షిస్తుంది. ప్రతి వంతులో మాత్రం పాచికలు ముందు పడతాయి. పడినదాన్ని పట్టుకుని బేరమాడడం, రోడ్డు వేయడం, ఊరిని నగరం చేయడం తరవాత. ఒకే ఆటలో యాదృచ్ఛికత నిర్ణయానికి వెనకా ఉంది, ముందూ ఉంది.

ఆటను తూచడానికి ఈ తేడానే అన్నిటికన్నా పనికొస్తుంది. 1957లో ఫ్రాన్సులో వచ్చి తరవాత రిస్క్ పేరుతో లోకమంతా తిరిగిన ఆటలో దండెత్తాలని నిశ్చయించాక పాచికలు పడతాయి. ఎంత తెలివైన నిర్ణయమైనా ఆ క్షణంలో నేల కూలవచ్చు. 2008లో వచ్చిన డొమినియన్‌లో చేతికి అయిదు కార్డులు వస్తాయి, వాటితో ఏం చేయాలో తరవాత ఆలోచిస్తారు. వేదాంత పరిభాషలో చెప్పాలంటే నిర్ణయానికి ముందు పడే పందెం ప్రారబ్ధం లాంటిది. అది వచ్చేసింది, మార్చలేం, దానితో బతకాలి. తరవాత పడే పందెం కర్మఫలం లాంటిది. దానిమీద అధికారం లేదని గీత చెబుతుంది. మనుషులు మొదటిదాన్ని ఓర్చుకున్నంత సులువుగా రెండోదాన్ని ఓర్చుకోలేరు. రెండూ ఒకే పాచికలు కావచ్చు, వరస మారితే మనసుకు తగిలే దెబ్బ మారుతుంది.

సంచితానికి, అంటే పోగుపడిన కర్మకు, దగ్గరగా వెళ్లిన ఆటలూ ఉన్నాయి. మాట్ లీకాక్ రూపొందించిన పాండెమిక్ (2008)లో ఆటగాళ్లంతా ఒకే పక్షం, శత్రువు వ్యాధి. అంటువ్యాధి విజృంభించే కార్డు వచ్చినప్పుడు, అప్పటిదాకా వ్యాధి సోకిన నగరాల కార్డులన్నీ కలిపి మళ్లీ కట్టపైనే పెడతారు. కొత్త ఊళ్లకన్నా పాత గాయాలే ముందు తిరగబెడతాయి. 2015లో వచ్చిన పాండెమిక్ లెగసీలో ఒక ఆటలో జరిగింది తరవాతి ఆటకు మిగులుతుంది: నగరంమీద అంటించిన స్టిక్కరు పోదు, చింపిన కార్డు తిరిగి రాదు. అయితే ఇక్కడ పోలిక ఆగిపోతుంది. ఆ స్టిక్కరు అందరికీ కనిపిస్తుంది, ఎందుకు వచ్చిందో అందరికీ గుర్తుంటుంది. కర్మ సిద్ధాంతంలో ఉన్నది అదృష్టం, అంటే కంటికి కనబడనిది. మీమాంసకులు ఆ మాటను వాడింది యాగానికీ ఫలానికీ మధ్య కనిపించని లంకెను గురించి. తెలుగు వాడుకలో అది కలిసొచ్చే కాలం అయింది. కారణం కనిపించకపోవడమే రెండు అర్థాలనూ కలిపే ముడి.

సమీక్షకుడి కష్టం సరిగ్గా ఈ ముడి దగ్గరే మొదలవుతుంది. ఒక్కసారి ఆడి గెలిచినవాడికి ఆట గొప్పదిగా, ఓడినవాడికి అంతా పాచికల మాయగా తోస్తుంది. ఇద్దరూ ఫలాన్ని బట్టి క్రియను తూస్తున్నారు. పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో నైతిక అదృష్టం అన్న పేరుతో లేవదీసిన చిక్కు ఇదే: చేతిలో లేని ఫలితాన్ని బట్టి మనిషిని మెచ్చడం, నిందించడం న్యాయమేనా? జీవితంలో ఈ చిక్కు విడిపోదు, ఎందుకంటే అదే పరిస్థితి రెండోసారి రాదు. ఆటలో వస్తుంది. కటాన్‌లో 6 గానీ 8 గానీ ఉన్న నేల అంచున ఊరు కట్టి ఓడినవాడు తప్పు చేశాడా అని తెలియాలంటే ఇంకో పదిసార్లు ఆడి చూడవచ్చు. అందుకే మంచి సమీక్షకుడు ముగ్గురితో, నలుగురితో, పాతవాళ్లతో, కొత్తవాళ్లతో మళ్లీ మళ్లీ ఆడతాడు. ఎవరు గెలిచారన్నది కాక, ఎలాంటి నిర్ణయాలు ఎదురయ్యాయి, వాటిలో ఎన్ని నిజమైన నిర్ణయాలు, ఎన్ని పేరుకు మాత్రమే అన్నది రాస్తాడు. గెలుపును బట్టి రాసిన సమీక్ష ఎంత చక్కని భాషలో ఉన్నా నమ్మదగింది కాదు.

అలాగని అదృష్టం తగ్గినకొద్దీ ఆట గొప్పదవుతుందని అనుకోవడం పురుషకార పక్షపాతం. హాబీ ఆటల ప్రియుల్లో ఈ పక్షపాతం గట్టిగానే ఉంది. పందెం ఎనిమిదేళ్ల మనవరాలినీ డెబ్బై ఏళ్ల తాతనూ ఒకే బల్ల దగ్గర సమానంగా కూర్చోబెడుతుంది. నేర్పరే ప్రతిసారీ గెలిచే బల్ల దగ్గరికి మిగతావాళ్లు మూడోసారి రారు.

పైగా పాచికలు తీసేస్తే దైవం పోతుందా? 2005 నాటి కైలస్‌లో మొదటి అమరిక అయ్యాక యాదృచ్ఛికత లేదు. అయినా ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియదు. తాను అనుకున్న చోటును అతను ముందే పట్టేస్తే తగిలే దెబ్బ పాచిక కొట్టినట్టే ఉంటుంది. సభాపర్వం ఈ విషయాన్ని మరింత కఠినంగా చూపుతుంది. జూదానికి పిలుపు వచ్చినప్పుడు ధర్మరాజు విధిని తలచుకుంటాడు, రెండోసారి పిలిచినప్పుడూ అంతే. కానీ శకుని మోసంతోనే ఆడాడని కథ స్పష్టంగా చెబుతుంది. విధి బలమైందనడానికి తరతరాలుగా చూపే ఆ జూదంలో నిజానికి పందెమే లేదు. ఒకడి పురుషకారం ఇంకొకడికి దైవమై కూర్చుంది.

ఈ కోణం నుంచి చూస్తే 2002లో ఆండ్రియాస్ జైఫార్త్ రూపొందించిన ప్యూర్టో రికో మీద వచ్చిన విమర్శ అర్థమవుతుంది. అదృష్టం దాదాపు లేని ఆటగా అది చాలాకాలం మన్ననలందుకుంది. ఆటగాళ్లు వలస యజమానులు. చెరకు, నీలిమందు, పొగాకు, కాఫీ పండించి ఓడలకెక్కిస్తారు. తోటల్లో పనిచేసేవాళ్లు చిన్న గోధుమరంగు బిళ్లలు. ఓడలో వస్తారు, యజమాని పెట్టిన చోట ఉంటారు. నియమాల పుస్తకం వాళ్లను వలసదారులు అన్నది, కానీ ఆ దీవిలో బానిసత్వం 1873 దాకా సాగింది. బల్ల చుట్టూ కూర్చున్నవారికి అంతా నిర్ణయమే, బల్లమీది బిళ్లలకు అంతా దైవమే. ఆట ఎంత పదునైనదో రాసిన తొలి సమీక్షల్లో ఈ రెండో మాట ఎక్కడో తప్ప కనిపించదు. 2022లో వచ్చిన ప్యూర్టో రికో 1897 కథను బానిసత్వం రద్దయిన తరవాతి కాలానికి మార్చింది. యజమానులు ఇప్పుడు స్థానిక రైతులు, బిళ్లలు కూలికి వచ్చే పనివాళ్లు. నియమాలు చాలావరకు పాతవే. బిళ్లను ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ ఆటగాడే నిర్ణయిస్తాడు.