మూసిన తలుపు, వీధి హక్కు

దారుల్లో కూర్చోవద్దని దైవప్రవక్త (స) ఒకసారి సహచరులను వారించారు. మాట్లాడుకోవడానికి తమకు మరో చోటు లేదని వారు విన్నవించుకున్నారు. అలాగైతే దారికి దాని హక్కు చెల్లించమన్నారు ఆయన. దారికి కూడా హక్కు ఉంటుందా? ఈ సందేహం మనకే కాదు, సహచరులకూ కలిగింది. అడిగారు. ఆయన (స) చెప్పిన వాటిలో మొట్టమొదటిది చూపులు వాల్చుకోవడం. ఆ తర్వాత ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ప్రబోధించడం, చెడును వారించడం. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది.

వీధికి హక్కు ఉందని నేటి చట్టాలు కూడా ఒప్పుకుంటాయి. దానికి భంగం కలిగించడాన్ని 'పబ్లిక్ న్యూసెన్స్' అంటాయి. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలో ఇది 268వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 270వ సెక్షన్. దుర్వాసన, పొగ, దారికి అడ్డుగా కట్టిన గోడ, పొంగి పొర్లే మురుగు కాలువ మొదలైనవన్నీ దీని కిందికి వస్తాయి. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం కాలువలు బాగుచేయడానికి తన దగ్గర డబ్బు లేదని తప్పించుకోజూసింది. 1980లో సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదని తేల్చేసింది. ముక్కుకు తగిలే కంపు విషయంలో ఎవరికీ పేచీ లేదు. ముక్కుకు తగలని కంపు సంగతేమిటి? తలుపులు మూసుకుని, టిక్కెట్టు డబ్బులు తీసుకుని, పెద్దవాళ్ళకు మాత్రమే నగ్న చిత్రాలు చూపే సినిమా హాలును కూడా మురుగు కాలువలాగే న్యూసెన్స్ అనవచ్చా? అంటే దాన్ని మూయించవచ్చా?

ఈ ప్రశ్న మీద అమెరికాలోని న్యాయస్థానాలు ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. ఆ వాదనల్లో మనకు పనికివచ్చే విషయాలు చాలా ఉన్నాయి.

జార్జియా రాష్ట్రం అట్లాంటా నగరంలో ఒక హాలు ఉండేది. బయట అసభ్యమైన బొమ్మలేవీ లేవు. 21 ఏళ్ళు నిండిన వారికే ప్రవేశమని, నగ్నత్వం చూసి నొచ్చుకునేవారు లోపలికి రావద్దని తలుపు మీద రాసిపెట్టారు. అక్కడ ఆడుతున్న రెండు చిత్రాలను నిలిపివేయాలని ప్రభుత్వ న్యాయవాదులు 1970 చివర్లో సివిల్ దావా వేశారు. కింది కోర్టు హాలు పక్షాన నిలిచింది. హెచ్చరిక ఉంది, పిల్లలను రానివ్వడం లేదు, ఇష్టపడ్డవాళ్ళే వెళుతున్నారు, ఇంక బాధపడింది ఎవరు అన్నది దాని తర్కం. 1973లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు, నలుగురుగా చీలి ఆ తర్కాన్ని తోసిపుచ్చింది. ఇష్టపడి వెళ్ళినంత మాత్రాన అశ్లీల ప్రదర్శనకు రక్షణ రాదని, ఊరి వాతావరణాన్ని, నడివీధి వ్యాపారం తీరుతెన్నులను కాపాడుకునే అధికారం సమాజానికి ఉందని ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాశారు. న్యాయమూర్తి బ్రెన్నన్ విభేదించారు. అశ్లీలతకు స్పష్టమైన హద్దు గీయడం న్యాయమూర్తులకే సాధ్యం కావడం లేదని, పిల్లలను, ఇష్టపడనివారిని కాపాడితే చాలని ఆయన వాదన.

"మా ఇష్టం, మా డబ్బు, మా నాలుగు గోడలు" అనే మాట మన ఇళ్ళలో యువకుల నోట కూడా వినబడుతోంది. దీనికి జవాబుగా మాకు నావ హదీసు గుర్తుకు వస్తుంది. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. కొందరు చీట్లు వేసుకుని నావలో చోట్లు పంచుకున్నారు. కొందరికి పైఅంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారికి నీళ్ళు కావాలంటే పైవారిని దాటుకుంటూ వెళ్ళాలి. మా వాటాలో మేము చిన్న రంధ్రం చేసుకుంటే పైవారికి ఇబ్బంది ఉండదు కదా అనుకున్నారు. వారిని వదిలేస్తే అందరూ మునుగుతారు, చేతులు పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు.

ఈ హదీసును వందసార్లు విన్నవారు కూడా ఒక సంగతి గమనించరు. కిందివారి ఉద్దేశం చెడ్డది కాదు. పైవారికి ఇబ్బంది కలగకూడదనే వారు రంధ్రం చేయబోయారు. చేయబోయింది కూడా తమ వాటాలోనే. అట్లాంటా హాలువాళ్ళు చెప్పుకున్నదీ అదే: ఎవరికీ ఇబ్బంది లేకుండా మా వాటాలో మేము చేసుకుంటున్నాం. నీళ్ళకు వాటాలు తెలియవు. ఆ హాలులోంచి బయటికి వచ్చినవాడు మళ్ళీ మన వీధిలోనే నడుస్తాడు, మన ఆడపిల్లలనే చూస్తాడు. తన భార్య దగ్గరికే తిరిగి వెళతాడు. తెర మీద కనిపించిన స్త్రీ కూడా ఎవరో ఒకరి కూతురే.

ఇంతవరకు మాట సులువుగానే ఉంది. కష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

టెక్సాస్ రాష్ట్రంలో న్యూసెన్స్ చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. ఒక హాలు అశ్లీల చిత్రాలకు అలవాటు పడిందని రుజువైతే, రేపు అది ఆడబోయే చిత్రాలను కూడా, అవి ఏమిటో చూడకుండానే, కాలపరిమితి లేకుండా నిషేధించవచ్చు. 1973లో కింగ్ ఆర్ట్స్ అనే హాలు మీద చర్య తీసుకుంటామని అధికారులు దాని స్థల యజమానికి నోటీసు ఇచ్చారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1980లో కోర్టు ఆ పద్ధతిని కొట్టివేసింది. నిన్న చూపినదానికి శిక్షించవచ్చు గాని, ఇంకా చూపనిదాన్ని ముందే నేరమని తీర్మానించకూడదన్నది దాని సారాంశం. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లోనే ఇలాంటి తీర్పు ఇచ్చింది: అశ్లీలమని తేలిన చిత్రాన్ని న్యూసెన్స్‌గా ఆపవచ్చు, హాలుకే తాళం వేయకూడదు.

ఇది విని మనలో చాలామంది "పాపానికి ఇన్ని మర్యాదలా?" అని విసుక్కుంటారు. మేమూ విసుక్కున్నాం. కాని నావ హదీసును మళ్ళీ చూడండి. పైవారు కిందివారి చేతులు పట్టుకుంటారు. వారిని సముద్రంలోకి తోసేయరు, కింది అంతస్తును ఊడబీకరు. ఇంకో ఉల్లేఖనం అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒక వ్యక్తి గడ్డం నుంచి సారా కారుతోందని హజ్రత్ ఇబ్నె మస్‌వూద్ (రజి)కి ఫిర్యాదు వచ్చింది. గూఢచర్యం చేయవద్దని మాకు ఆదేశం ఉంది, ఏదైనా మా ముందు బయటపడితే మాత్రం పట్టుకుంటాం అన్నది ఆయన జవాబు సారాంశం. హుజురాత్ సూరాలో అనుమానాన్ని, ఇతరుల రహస్యాలు తవ్వడాన్ని అల్లాహ్ ఒకే ఆయతులో వారించాడు. 'అల్ అహ్కాముస్సుల్తానియ' రాసిన ఇమామ్ మావర్దీ కూడా బజారు పర్యవేక్షకుడైన ముహ్తసిబ్ అధికారాలను వివరిస్తూ, బయటపడని చెడును తవ్వి తీసే హక్కు సాధారణంగా అతనికి లేదంటారు. ప్రాణం పోయే ప్రమాదం లాంటి సందర్భాలను మాత్రమే మినహాయించారు.

అయితే డబ్బు తీసుకుని, బోర్డు పెట్టి నడిపే హాలు రహస్యం కాదు. అది బజారు. అందుకే అట్లాంటా తీర్పు సారాంశం మనకు నచ్చుతుంది, టెక్సాస్‌లో కోర్టు గీసిన గీత కూడా మనకు న్యాయంగానే తోస్తుంది. రుజువైన చెడును ఆపడం వేరు, అనుమానాన్ని తాళంగా మార్చడం వేరు.

మధ్యేమార్గంగా కొన్ని నగరాలు దూరాన్ని నమ్ముకున్నాయి. డెట్రాయిట్‌లో 1972 నాటి నిబంధన ప్రకారం ఇలాంటి హాళ్ళు నివాస ప్రాంతాలకు 500 అడుగుల లోపు ఉండకూడదు. 1976లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్ అనే ఊరు ఇళ్ళకు, చర్చిలకు, పార్కులకు, బడులకు 1000 అడుగుల దూరం పెట్టింది. 1986లో దానికీ ఆమోదం దొరికింది. అక్కడ ఆ హాళ్ళకు మిగిలింది 520 ఎకరాలు, ఊరి నేలలో అయిదు శాతానికి కాస్త పైన. ఇది మాకు అంత తృప్తినివ్వదు. మన గుమ్మంలో చెత్తను పక్కవారి గుమ్మంలోకి ఊడ్చినట్లుంటుంది. పలుకుబడి ఉన్న పేట తప్పించుకుంటే, లేని పేట మీద ఆ భారం పడుతుంది.

ఇక మనల్ని నేరుగా తాకే విషయానికి వద్దాం. ఇరుగుపొరుగు ఫిర్యాదు అనేది రెండువైపులా పదునున్న కత్తి. టెనెసీ రాష్ట్రంలోని మర్ఫ్రీస్‌బరోలో ముస్లింలు 2010లో ఇస్లామిక్ కేంద్రం కట్టబోతే ట్రాఫిక్ పెరుగుతుందని, ఇంకేవో కారణాలని చెప్పి దావాలు వేశారు. ఇస్లాం అసలు మతమే కాదని కూడా కోర్టులో వాదించారు. నిర్మాణ సామగ్రికి నిప్పు పెట్టారు. చివరకు 2012లో ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకున్నాకే అక్కడ తలుపులు తెరుచుకున్నాయి. డెట్రాయిట్ పక్కనే ఉన్న హామ్‌ట్రామిక్‌లో 2004లో అజాన్ లౌడుస్పీకరు పెద్ద వివాదమైంది. ఊరి కౌన్సిల్ అనుమతించింది, ప్రజల ఓటింగులోనూ ఆ అనుమతే నిలిచింది. ఒకవేళ ఓడిపోయి ఉంటే? అజాన్‌ను న్యూసెన్స్ అన్నవాడికి, సినిమా హాలును న్యూసెన్స్ అన్న మనం ఏ జవాబు చెబుతాం? "మాది పవిత్రం, వాళ్ళది అపవిత్రం" అన్న మాట మన విశ్వాసం. కోర్టు కొలబద్ద అది కాదు. రుజువు కావాలి, హాని కనబడాలి, అవతలివాడి మాట కూడా వినాలి అన్న నియమాలే టెక్సాస్ హాలును కాపాడాయి. రేపు మన మస్జిదును కాపాడేవీ అవే. తాను పుచ్చుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిచేవారి గురించి ముతఫ్ఫిఫీన్ సూరా ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు. అది ధాన్యం కొలతకే పరిమితమని మేము అనుకోవడం లేదు.

మన దేశంలోనూ లౌడుస్పీకరు మీద సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులున్నాయి. 2000 సంవత్సరంలో చెన్నై చర్చి కేసులో, ప్రార్థన పేరుతో పొరుగువారి నిద్ర చెడగొట్టే హక్కు ఏ మతానికీ లేదంది. మన జల్సాల్లో అర్ధరాత్రి దాకా మోగే మైకుల గురించి కూడా ఈ సందర్భంగా ఆలోచించుకోవలసిందే. దారికి హక్కు మనమూ బాకీ ఉన్నాం.

మన ఊళ్ళలో ఉదయం ఆటలకు అలాంటి చిత్రాలు వేసే హాళ్ళు, బడికి వెళ్ళే దారిలో గోడల మీద వాటి పోస్టర్లు మన తరానికి బాగానే గుర్తు. ఆడపిల్లలను తలదించుకుని నడవమన్నాం గాని, పోస్టర్ తీయించమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టినవారు మనలో ఎంతమంది? ఆ హాళ్ళు చాలావరకు నేడు లేవు. మూయించింది మనమూ కాదు, కోర్టులూ కాదు. ముందు వీడియో వచ్చింది, తర్వాత ఇంటర్నెట్ వచ్చింది, ఇప్పుడు ఆ హాలు జేబులో పట్టే సైజుకు వచ్చింది. దానికి బోర్డు లేదు, టిక్కెట్టు లేదు, 21 ఏళ్ళ నిబంధన అడిగే కాపలాదారు లేడు. న్యూసెన్స్ చట్టం వీధి దాకానే నడుస్తుంది. ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది.

గడప లోపల ప్రశ్న మరింత చిక్కుగా ఉంటుంది. కొడుకు ఫోను తండ్రి తెరిచి చూడవచ్చా? అది హుజురాత్ సూరా వారించిన గూఢచర్యమా, లేక ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రశ్నించబడతాడన్న హదీసు మోపిన బాధ్యతా? పన్నెండేళ్ళ పిల్లవాడి విషయంలో మాకు సందేహం లేదు, అది కాపరి పని. ఇరవై ఏళ్ళవాడి ఫోనును అతను నిద్రపోతుండగా వెదకడం మాత్రం మాకు సరైనదిగా తోచదు. నూర్ సూరాలో చూపులు వాల్చుకోమన్న ఆదేశానికి ముందే, అనుమతి లేనిదే ఇతరుల ఇళ్ళలోకి వెళ్ళవద్దన్న ఆదేశం ఉంది. అదే సూరాలో ఇంట్లోని పిల్లలు కూడా మూడు వేళల్లో అనుమతి అడిగి గదిలోకి రావాలని ఉంది. గోప్యతను నేర్పిన సూరా, లజ్జను నేర్పిన సూరా ఒక్కటే. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇషా తర్వాత అందరి ఫోన్లూ, తండ్రిదీ తల్లిదీ సహా, హాల్లో ఒకే బల్ల మీద చార్జింగుకు పెడతారు. మొదటి వారం ఎక్కువగా గొణిగింది తండ్రేనట.