గొడ్డుచాకిరీకి ఎన్ని గంటలు?

మనుషుల హక్కులకే దిక్కు లేని చోట జంతువుల హక్కులేమిటి? లా చదివేటప్పుడు జంతు చట్టాన్ని ఐచ్ఛిక సబ్జెక్టుగా ఎంచుకున్న నాటి నుంచీ ఈ ప్రశ్న నా వెంట పడుతూనే ఉంది. స్త్రీల సభల్లో ఇంకాస్త పదునుగా వస్తుంది. ఆడపిల్ల ఫిర్యాదునే పట్టించుకోని చోట ఎద్దు గాయం గురించి మాట్లాడటం వెక్కిరింపు కాదా అంటారు. ఆ మాటలో బాధ ఉంది, నిజమూ ఉంది. అందుకే దాన్ని దాటవేయకుండా మాట్లాడుకోవాలి.

ఈ రెండు హక్కుల్నీ పక్కపక్కన పెట్టి నవ్వడం కొత్తేమీ కాదు. 1792లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల్ని సమర్థిస్తూ పుస్తకం రాస్తే, అదే ఏడాది థామస్ టేలర్ అనే తత్వవేత్త తన పేరు వేసుకోకుండా పశువుల హక్కులను సమర్థిస్తున్నట్టు ఒక వ్యంగ్య రచన అచ్చువేశాడు. స్త్రీలకు హక్కులిస్తే రేపు గొడ్లకూ ఇవ్వాలి కదా అన్నది అందులోని ఎత్తిపొడుపు. మన భాష మాత్రం తక్కువ తిందా? లెక్కాపత్రం లేని కష్టం గొడ్డుచాకిరీ. కొడితే గొడ్డును బాదినట్టు బాదడం. పిల్లలు పుట్టకపోతే గొడ్రాలు. గొడ్డును ఏం చేసినా ఫర్వాలేదన్న నమ్మకం మీదే ఈ మాటలన్నీ నిలబడ్డాయి. ఆ నమ్మకాన్ని కదపకుండా, నన్నొక్కదాన్ని ఆ వరసలోంచి తప్పించండి అని అడిగితే సరిపోతుందా?

మాది బోధన్ దగ్గర పల్లె. నిజాంసాగర్ నీళ్లూ, 1930లలో శక్కర్‌నగర్‌లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కలిసి ఈ ప్రాంతాన్ని చెరకు సీమను చేశాయి. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మా నాన్న ఎడ్లబండి మీద చెరకు తోలేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. నిజామాబాద్ జిల్లాలో ఇది ఎన్నో ఇళ్ల కథ. అందుకే జంతు హింస నిరోధక చట్టం, 1960 కింద 1965లో చేసిన నియమాలు చదువుతుంటే మా వాకిలే కళ్లముందు కదిలింది. బండి లాగే పశువుతో రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా ఐదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు మించే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కాడి కట్టకూడదు. ముల్లుకర్ర వాడకూడదు.

ఆ మరుసటి ఏడాది, 1966లో, బీడీ కార్మికుల చట్టం వచ్చింది. అందులోనూ రోజుకు తొమ్మిది గంటలే హద్దు. కానీ ఆ హద్దు పారిశ్రామిక ఆవరణలో పనిచేసేవారికే. ఇంట్లో చుట్టే స్త్రీని కార్మికురాలిగా ఒప్పుకున్న చట్టం ఆమె గంటల్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత ఆ చట్టం 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసిపోయింది.

ఎడ్ల నియమాలు చదివి వినిపిస్తే అమ్మ తునికాకు కత్తిరించడం ఆపకుండానే అంది: "ఎద్దుకు తొమ్మిది గంటలేనా బిడ్డా? మరి నా గంటలు ఎవరు రాసిండ్రు?" కాసేపాగి, "దాని కష్టం మాత్రం తక్కువనా, నోరులేని జీవి" అని కూడా అంది. ఈ రెండో మాట నాకు ముఖ్యం. తన గంటల్ని రాయమంటోందే గాని, ఎద్దు గంటల్ని కొట్టెయ్యమనడం లేదు.

నిజానికి ఎద్దుకు దక్కింది కూడా కాగితం మీది దయే. 1960 చట్టంలో హింసకు మొదటి నేరంగా పెట్టిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అదీ బండివాడి మీదో, ఎద్దు యజమాని మీదో పడేది. క్రషింగ్ సీజన్‌లో మిల్లుల ముందు బండ్లు బారులు తీరితే, ఆ ఆలస్యానికి కారణమైన ఏర్పాటు ఏ సెక్షన్‌లోనూ నేరం కాదు. బీడీ పనిలోనూ ఇదే సూత్రం. కంపెనీ గంటల్ని అడగదు, వెయ్యి బీడీల లెక్క అడుగుతుంది. రాత్రి పన్నెండు దాకా కూర్చుంటే అది ఆమె ఇష్టమట. ముల్లుకర్ర ఎవరి చేతిలోనూ కనిపించదు.

మనకు పొరుగునే ఉన్న మరాఠ్వాడా నుంచి చెరకు కోతకు వలసపోయే భార్యాభర్తల్ని కలిపి ఒక 'కోయ్తా', అంటే ఒక కొడవలి, కింద లెక్కగడతారు. ఆమె అందులో సగం కొడవలి. ఒక్కరోజు పని మానినా జరిమానా కట్టాలి. నెలసరి వల్ల పని ఆగకూడదని గర్భసంచులు తీయించుకున్న బీడ్ జిల్లా స్త్రీల గురించి 2019లో మహారాష్ట్ర ప్రభుత్వమే కమిటీ వేయాల్సివచ్చింది. ఆ పొలాల్లో చెరకు లాగే ఎడ్లూ ఉన్నాయి. వాటి మెడ మీది పుండునూ, ఆమె కడుపు మీది కోతనూ వేర్వేరు ఫైళ్లలో పెడితే, రెండింటికీ కారణమైన తొందర ఏ ఫైల్లోనూ కనపడదు.

అయితే స్త్రీనీ పశువునూ ఒకే గాట కట్టడానికి నేను ఒప్పుకోను. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువుకూ గౌరవంగా బతికే హక్కు ఉందన్నట్టు మాట్లాడింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని చెప్పే పూర్వ తీర్పేదీ కనపడలేదంది. అంటే ఎద్దుకు మిగిలింది రక్షణ. రక్షణ పేరుతో ఇంట్లో కూర్చోబెట్టబడ్డ మనకు ఆ మాట బరువు బాగా తెలుసు. స్త్రీ తన షరతులు తానే చెప్పగలదు, సంఘం పెట్టుకోగలదు, సమ్మె చేయగలదు. ఎద్దు చేయలేదు. అది చేయలేదు కాబట్టే దాని గంటల్ని మరొకరు రాసిపెట్టాలి. ఆమె చేయగలదు కాబట్టి ఆమె గంటల్ని ఆమెను అడిగే రాయాలి.

ఈ సబ్జెక్టు నాకు నేర్పింది ఇదీ: బాధను గుర్తించడానికి ఎదుటి జీవికి బుద్ధి ఎంత, నోరు ఎంత, మనకు ఉపయోగం ఎంత అని కొలవనక్కర్లేదు. స్త్రీలను శతాబ్దాల పాటు కొలిచిందీ ఆ కొలతలతోనే. మనం బయటపడ్డాక ఆ కొలకర్రను మరొకరి మీదికి తిప్పితే దాన్ని విరిచినట్టు కాదు. ముందు మనిషా, ముందు ఎద్దా అని అడిగేవారిని నేనిప్పుడు తిరిగి ఒకటే అడుగుతున్నాను. ఇద్దరి చేతా అన్ని గంటలు పని చేయించుకున్నది ఎవరు? వాళ్ల పేరు చట్టంలో ఎందుకు లేదు?